కాలేజీ లేని స్టేషన్

"కాలేజీ ఎటు వైపండీ?"

అడిగిన అమ్మాయి జుట్టు మీద మంచు, చేతిలో ప్రవేశ పరీక్ష హాల్‌ టికెట్టు. స్టేషన్ మాస్టర్ తొకునాగా తెల్ల గ్లవ్స్ సర్దుకున్నాడు.

"ఇక్కడ లేదమ్మా. యాభై ఏళ్ల కిందటే నది అవతలికి మార్చేశారు."

"బోర్డు మీద 'కళాశాల వాకిలి' అని ఉందిగా?"

"పేరొక్కటే మిగిలింది."

నేతిబీరకాయలో నెయ్యెంతో ఆ స్టేషన్లో కాలేజీ అంత. మినోరి అనే ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో అరగంటలో పరీక్ష. నిరుడే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చేపల కొట్లో కూర్చోమని తండ్రి ముందే చెప్పేశాడు.

"ఏడవకు. ఏటా ఎవరో ఒకరు ఇలా దిగుతూనే ఉంటారు. బయట బండి సిద్ధంగా ఉంది" అన్నాడు తొకునాగా.

నిజంగానే ఉంది. సోబా నూడుల్స్ కొట్టు నడిపే షిగెహరు తన వ్యాన్ స్టార్ట్ చేసి, హీటర్ వేసి మరీ కూర్చున్నాడు. పరీక్ష రోజున ఆయన కొట్టు తెరవడని ఊరందరికీ తెలుసు.

"ఎక్కు తల్లీ. లోపల పులుసు వాసనొస్తుంది, ఏమనుకోకు. మా మామగారి నాటి బండి."

బండి మలుపు తిరుగుతుంటే ఆయన వేలు పెట్టి చూపించాడు. "ఆ ఎర్ర పెంకుల కప్పు చూశావా? కాలేజీ పిల్లలు వానకి తడుస్తున్నారని ఊరివాళ్లే చందాలేసుకుని స్టేషన్ కట్టించారు. ఎన్ని భూకంపాలొచ్చినా ఒక్క పెంకు జారలేదు. పిల్లలు వెళ్లిపోయినా బెంచీల మీద దిండ్లు ఇప్పటికీ ఆడవాళ్లు కుట్టి పెడతారు."

అలాంటి ఊరిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మినోరికి మాత్రం ఒళ్లు మండింది.

"ఆ పేరు మార్చి చావొచ్చుగా?"

"రైల్వే వాళ్లు మారుస్తామన్నారు. ఊరంతా ఓట్లేసి వద్దంది. నేనైతే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను."

"మాలాంటివాళ్ల గొంతు కొయ్యడానికా?"

షిగెహరు పగలబడి నవ్వాడు. "కోపమొస్తే అకితా యాస బయటపడిందే."

"మీకెలా తెలుసు?"

"ముందు దిగు. గేటు మూసేస్తారు."

ఆమె పరుగెత్తింది. గేటు మూసేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు.

మార్చిలో ఫలితాలు వచ్చాయి. మినోరి తమ అకితా వైపు చేసే పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ డబ్బా పట్టుకుని సోబా కొట్టుకి వచ్చింది. షిగెహరు ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"అయిపోయింది. ఇక వారం దాకా ఈయన నా వంట ముట్టరు" అంది ఆయన భార్య ఫుమియే, ఉల్లికాడలు తరుగుతూ.

"సీటొచ్చింది బాబాయ్ గారూ. కానీ ఒకటడుగుతాను. ఏటా మంచులో ఈ తిప్పలు పడే బదులు ఆ పేరు మార్చనిస్తే పోయేదిగా? దానివల్ల ఎవరికైనా ఏం ఒరిగింది?"

షిగెహరు ఇంకో ముక్క తీసుకుని భార్య వంక చూశాడు. ఆమె తల వంచుకుని నవ్వుతోంది.

"నా పరీక్ష రోజున నేనూ ఇక్కడే దిగాను తల్లీ."