పలక గుర్తుకు ఒక్క ఓటు

సేటు పిలుస్తున్నాడని కబురు రాగానే నవనీత చేతిలోని నూలు కండె జారి కింద పడింది.

ఎందుకు పిలుస్తున్నాడో ఆమెకు తెలుసు. మరమగ్గాల షెడ్డులో పనిచేసే నలభై మందికీ తెలుసు. పార్లమెంటు ఎన్నికల లెక్కింపు నిన్ననే కరీంనగర్‌లో ముగిసింది. సేటు ఓంప్రకాశ్ కొమ్ముకాసిన పార్టీ గెలిచింది. నవనీత ఓడిపోయింది.

అవును, నవనీత కూడా పోటీ చేసింది. కండెలు చుట్టే మనిషికి పార్లమెంటు ఎందుకని నవ్వని పాపాత్ముడు లేడు. "ఢిల్లీల మన గోస చెప్పెటోళ్లు ఒక్కరన్న ఉండాలె గద" అంటూ ఆమె పలక గుర్తు పట్టుకుని ఊరూరా తిరిగింది. ధైర్యం పొంగిపొర్లి కాదు. నామినేషన్ వేసిన రోజు నుంచీ భయపడుతూనే ఉంది.

పోలింగుకు ముందురోజు సేటు సాంచలన్నీ ఆపించాడు. మరమగ్గాలను అక్కడ సాంచలనే అంటారు. అవి ఆగితే షెడ్డులో ఊపిరి చప్పుడు కూడా వినబడుతుంది.

"మన బూత్‌ల పలకకు ఒక్క ఓటు పడ్డా సరే, ఏసినోళ్ల ఇంటికి పని బంద్" అన్నాడు. "ఓటు మిషన్ పక్కన అద్దాల డబ్బల చీటి పడుతది. ఎవరేసిన్రో నాకు ఎర్కయితది. నవనీతా, నీకు సుత గదే మాట."

సేటు అన్నంత పనీ చేసే మనిషి. పోయినేడు భూమన్న కూలి గురించి నోరెత్తితే, ఊళ్లో ఏ షెడ్డూ అతన్ని రానివ్వలేదు. పెళ్లాం పిల్లలతో బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భీవండి బస్సెక్కాడు.

ఇప్పుడు బూత్ లెక్క వచ్చింది. లెక్కింపులో ఏజెంటుగా కూర్చున్న గుమస్తా హరీష్ కాగితం మీద రాసుకొచ్చాడు. పలకకు ఒకటి.

సేటు గదికి పోయే దారిలో భర్త రాజం అడ్డం వచ్చాడు. అతనూ అక్కడే ఎనిమిది సాంచలు నడుపుతాడు.

"నీది కాదని చెప్పు" అని బతిమాలాడు. "జర ఏడ్వు. కాళ్లు మొక్కు. ఒక్క అబద్ధమాడితే ఏం పోతది? ఇద్దరు పోరగాండ్లున్నరే మనకు."

"నాది కాదంటే మరి ఎవరిదని అడుగడా?"

"ఎవరిదైతే మనకేంది?"

నవనీత అతన్ని తప్పుకుని ముందుకు నడిచింది.

సేటు గదిలో ఉండలేదు. కాగితం పట్టుకుని తనే షెడ్డులోకి వచ్చాడు. సాంచలు మళ్లీ ఆగిపోయాయి.

"సొంత బూత్‌ల ఒక్కటే ఓటు. కట్టుకున్నోడు సుత ఎయ్యలే" అన్నాడు. హరీష్ కిసుక్కున నవ్వాడు. రాజం తల దించుకున్నాడు.

"గీ ఒక్కటి నీదేనా? కాకుంటే చెప్పు. మీ ఇద్దరి పని ఎటూ పోదు. ఎవరిదో ఇల్లిల్లు అడిగి నేను తీస్త."

నవనీత వెనక్కి తిరిగి చూసింది. ఆమె పక్కన కండెలు చుట్టే ముసలి ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. మిగతా వాళ్లు నేల చూపులు చూస్తున్నారు. ఎవరైనా నోరు విప్పేలోపే ఆమె సేటు వైపు తిరిగింది.

"నాదే సేటూ" అంది.

"సాంచ మీద చెయ్యేసి చెప్పు."

కూడు పెట్టే సాంచ మీద నేత ఇళ్లలో ఎవరూ దొంగ ఒట్టు పెట్టరు. నవనీత కుడిచేతిని సాంచ మీద ఆనించింది.

"ఒట్టు. నా ఓటు నేనే ఏసుకున్న."

"అయితే రేపట్సంది మీరిద్దరు రాకున్రి."

రాజం ఉన్నచోటే కూలబడ్డాడు. నవనీతకు భీవండి బస్సు కళ్ల ముందు కదిలింది. పిల్లల బడి, ఇంటి కిరాయి, రేపటి కూడు అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి.

అయినా గుమ్మం దాటుతూ ఆగింది. నలభై ముఖాలనూ ఒక్కొక్కటిగా, ఆశగా చూసింది.

పోలింగు రోజున, అద్దాల డబ్బాకు జడిసి, ఆమె నొక్కింది సేటు పార్టీ గుర్తునే.