ఓడినవాడి తరఫున

ఓట్ల లెక్కింపు ముగిసేసరికి లాయరమ్మ గెలిచింది. ఓడిన అభ్యర్థి బయట మెట్ల మీద నిలబడి, "మోసం! ఈవిడ నా ఓట్లు దొంగిలించింది!" అని గొంతు చించుకున్నాడు. పోలీసులు అతణ్ణి జీపెక్కించారు. ఏ నేరానికో ఒక్కరూ చెప్పలేదు.

"మేడమ్, సంబరం మధ్యలో ఎక్కడికి?" అని కార్యకర్తలు లబలబలాడుతున్నా వినకుండా, లాయరమ్మ నల్లకోటు తొడుక్కుని తిన్నగా స్టేషనుకు వెళ్లింది.

"నన్ను చూసి నవ్వడానికొచ్చారా?" అన్నాడతను కటకటాల వెనకనుంచి.

"ముందు వకాల్తా మీద సంతకం పెట్టండి."

"నెల్రోజులుగా మైకులో మిమ్మల్ని తిట్టిపోశానండీ!"

"తెలుసు. మా అమ్మకి కంఠతా వచ్చేసింది."

అతను తల దించుకుని సంతకం పెట్టాడు.

సాయంత్రం కోర్టులో ఆమె వాదించింది. "నన్ను దొంగ అనే హక్కు ఈయనకుంది. కాదని చెప్పుకునే హక్కు నాకుంది. కారణం చెప్పకుండా లోపలేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు."

జడ్జి అతణ్ణి అక్కడికక్కడే విడిచిపెట్టమన్నాడు.

వరండాలో అతని భార్య ఎదురుచూస్తోంది. ఆమె లాయరమ్మ చేతులు గట్టిగా పట్టుకుని, మొగుడి వైపు తిరిగింది.

"ఆవిడేమీ దొంగిలించలేదండీ. నేనూ అత్తయ్యగారూ ఓటు ఆవిడకే వేశాం."

అతను నోరు వెళ్లబెట్టాడు. "మా అమ్మ కూడానా? ఎందుకే?"

"మీలాంటి నోరున్న మనిషి జైలు బయట హాయిగా తిరగాలంటే, ఆవిడలాంటివాళ్లే గెలవాలి కదండీ!"