బూరెకి పాలసీ

“డాక్టరుకి చూపించడానికి వీల్లేదు. ఇంకో వారం ఆగాలి,” అన్నాడు శివనాగరాజు, కుక్క కక్కిన చోట బకెట్టుతో నీళ్ళు పోస్తూ.

అరటిచెట్టు మొదట్లో బూరె నాలుక బయటపెట్టి పడుకుని ఉంది. పిల్లగా వచ్చినప్పుడు గుండ్రంగా, బూరెరంగులో ఉందని శివనాగరాజు తల్లి సూర్యకాంతం దానికి ఆ పేరు పెట్టింది. పొద్దుటి నుంచీ అది పెరుగన్నం వాసన చూసి వదిలేస్తోంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

“ఎందుకాగాలిరా?” అంది సూర్యకాంతం.

“దీని పేర బీమా పాలసీ తీసుకుని నెల నిండలేదమ్మా. నెల లోపల జబ్బు చేస్తే వాళ్ళు డబ్బులివ్వరు. పైగా ఇప్పుడు చూపిస్తే ఇది ముందునుంచీ ఉన్న జబ్బేనని, ఇక మీదట కూడా దీనికి రాదంటారు. ఆవేళ నూకరాజు చెప్పేడు కదా.”

నూకరాజు పాలసీల ఏజెంటు. కొత్తపేట పశువుల ఆసుపత్రికి ఎదురిల్లే అతనిది. కుక్కని అక్కడ దింపితే చాలు, అరుగు మీంచే చూసేస్తాడు.

అసలు ఈ పాలసీ కోసం ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. కిందటేడాది తోటలో కొబ్బరికాయ మీద పడి బూరె కాలు విరిగింది. ఆపరేషన్ అయ్యాక, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని శివనాగరాజు కూర్చుని లెక్చరిచ్చాడు. భార్య ఉమాదేవి కుక్కని కాస్త కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది కదా అంది. మనిషిని, నాకే లేదు, దానికెందుకంది సూర్యకాంతం. దెబ్బలకి మాత్రమే తీసుకుంటే చాలని ఏజెంటే సలహా ఇచ్చాడు. శివనాగరాజు వినలేదు. జబ్బులు కూడా కలిపి రాయించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

అందుకే ఇప్పుడు ఇద్దరూ మీద పడతారనుకున్నాడు. వాళ్ళేమో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు కూడా. ఉమాదేవి “సరేనండి” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సూర్యకాంతం “నీ ఇష్టం నాయనా” అంది. గెలిచినందుకు అతనికి సంతోషం కలగలేదు.

మర్నాడు సూర్యకాంతం బూరెని ఆటోలో ఎక్కించుకుని అయినవిల్లి బయల్దేరింది. వినాయకుడికి ఒకసారి చూపించి తెస్తుందట. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టుందని అతను లోపల నవ్వుకున్నాడు. వైద్యం చేయించాల్సింది పోయి కుంకుమ పెట్టించుకొచ్చేసరికి ఆ నవ్వు పోయింది. వచ్చిన దగ్గర్నుంచి బూరె పిలిచినా పలకకుండా పడి నిద్రపోయింది.

ఆ మర్నాడు ఉమాదేవి వంతు. బండారులంకలో చెల్లెలింట్లో ఇంకో కుక్క ఉంది, దాన్ని చూస్తే ఇదీ ఓ ముద్ద తింటుందేమోనని తీసుకెళ్ళింది. సాయంత్రం తెచ్చి పడుకోబెట్టింది. మళ్ళీ అదే మగత.

శివనాగరాజు కాలు ఒకచోట నిలవలేదు. తోటలోకి వెళ్ళాడు, తిరిగొచ్చాడు. పేపరు తెరిచి, చదవకుండానే మడిచాడు. ఎవరూ చూడనప్పుడు బూరె ముక్కు ముట్టుకున్నాడు. తడిగానే ఉన్నట్టుంది, లేనట్టూ ఉంది. అది కళ్ళు తెరిచి, తోక ఒక్కసారి నేలకేసి కొట్టి మళ్ళీ మూసుకుంది.

వంటింట్లో అత్తాకోడళ్ళు పనసపొట్టు కూరలో ఆవ ఎంత వెయ్యాలో మాట్లాడుకుంటున్నారు. శివనాగరాజుకి ఒళ్ళు మండిపోయింది. చూపించొద్దని తను అన్నమాట నిజమే. అంటే మాత్రం, ఇంత రాతిగుండెలా? చెప్పేవాడికి లేకపోతే వినేవాళ్ళకైనా ఉండొద్దూ?

తర్వాతి రోజు పొద్దున్నే లంకతోటలో కొబ్బరి దింపు ఉందన్నాడు. కాయల రాశి దగ్గర కాపలాకి బూరెని కూడా తీసుకెళ్తానన్నాడు. నిలబడలేని కుక్క ఏం కాపలా కాస్తుందని ఎవరైనా అడుగుతారని భయపడ్డాడు.

“ఆయ్, తీసుకెళ్ళండి,” అంది ఉమాదేవి, కూరలు తరుగుతూ.

కారు లంకతోట వైపు తిరగలేదు. అమలాపురం దారి పట్టింది. అక్కడ ఉదయభాస్కర్ అని ప్రైవేటు పశువుల డాక్టరున్నాడు. నూకరాజు కంటపడే భయం లేదు. వెనకసీట్లో బూరె ఊపిరి వినపడకపోతే బండి ఆపి చూశాడు. రెండుసార్లు ఆపాడు. రెండోసారి ఆపినప్పుడు అతనికి ఏడుపొచ్చింది. ఎదురొచ్చే లారీ వాడు చూస్తాడని తుడుచుకున్నాడు.

బల్ల మీదికి ఎక్కించినా బూరె పెనుగులాడలేదు. మామూలుగా అయితే సూది వాసనకే ఊరంతా ఏకం చేస్తుంది. ఇక అయిపోయిందనుకున్నాడు శివనాగరాజు.

“పాలసీ పోతే పోయిందండి, కుక్క బతికితే చాలు,” అన్నాడు. “తప్పు నాదే. పంతానికి పోయేను.”

డాక్టరు దాని కళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు, జ్వరం చూశాడు.

“ఒక్కటే మనవండి,” గొంతు తగ్గించాడు శివనాగరాజు. “నేను తెచ్చినట్టు మా ఇంట్లో తెలియకూడదండి. చూపించొద్దని గట్టిగా చెప్పినవాణ్ణి నేనే. వాళ్ళు నా మాట మీద నిలబడి ఉన్నారు. నేనే మాట తప్పేనంటే ఇక మా ఇంట్లో నాకు విలువుండదండి.”

డాక్టరు చేతులు తుడుచుకున్నాడు.

“భయం లేదండి. జ్వరం దిగిపోయింది. కడుపు కూడా కుదుటపడింది. సూదిమందు వల్ల మగత, అంతే. రేపటికి లేచి తిరుగుతుంది.”

శివనాగరాజుకి అర్థం కాలేదు.

“సూదిమందు ఎవరిచ్చేరండి?”

డాక్టరు బూరె తల నిమిరాడు.

“ఇంట్లో తెలియకూడదని చెప్పినవాళ్ళలో మీరు మూడోవారండి.”