రాక్షసుని గొంతు

"గీ పుస్తకం నా బిడ్డకు ఇచ్చింది ఎవలు?"

ఆ కేకకు సిరిసిల్లలోని ఆ చిన్న గ్రంథాలయంలో పేపర్లు చదివేవాళ్లంతా తలలెత్తారు. బల్ల వెనక కూర్చున్న ఐశ్వర్య రాస్తున్న రిజిస్టరు మూసేసింది. పనిలో చేరి వారమే అయింది. "ఇంటిల్లిపాదీ నవ్వుకుంట చదవండి" అని నిన్న ఒక రాక్షసుని కథను చిన్నారి ప్రీతి చేతిలో పెట్టింది తనే. ఇప్పుడు ఆ పిల్ల తండ్రి ఏసుబాబు దాన్ని పిడికిట్లో బిగించి బల్ల ముందు నిలబడ్డాడు.

పిల్ల జడుసుకుని జ్వరం తెచ్చుకుందేమో!

"నేనే ఇచ్చిన అన్నా," అంది కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

"ఏందీ?" మరింత గట్టిగా అరిచి మీదికి వంగాడు.

ఐశ్వర్య చూపు తలుపు వైపు పోయింది. "ప్రీతి భయపడ్డదా?" అని అడిగింది.

"ఇరవై ఏండ్లసంది కరెంటు సాంచల మీద బట్ట నేస్తున్న మేడం. గా చప్పుడుకు చెవులు మందమైనయ్. ఒర్రకుంట మాట్లాడరాదు నాకు. నేను నోరు తెరిస్తే నా బిడ్డ మూలకు నక్కేది. నిన్న గీ రాక్షసుని మాటలు నేను చదువుతాంటే, అచ్చి నా ఒళ్లె కూసున్నది. 'ఇంకా గట్టిగ ఒర్రు నాయినా' అన్నది."

ఏసుబాబు పుస్తకాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "ఇది అయిపోయింది. గిసొంటిది ఇంకోటి ఉన్నదా?"

ఐశ్వర్య లేచి బీరువా తెరిచింది. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కిందే నిలబడి, ఆయనకు వినబడేలా అరిచింది.

"ఇద్దరు రాక్షసులున్నది ఉన్నదన్నా! ఇయ్యనా?"