పదకొండు చప్పుళ్ల భాష

"చదువు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కాగితాన్ని రామచంద్రయ్య ముక్కు దగ్గర పెట్టి.

కాగితం నిండా చుక్కలు, గీతలు, సున్నాలు. గుట్ట మీద దళం వదిలిపోయిన సంచిలో దొరికింది. నల్గొండలో ఇద్దరు పండితులు చూసి, ఇది ఏ భాషా కాదని తేల్చారు. రామచంద్రయ్య మాత్రం ఒక్క చూపుకే గుర్తుపట్టాడు. పట్టడా మరి, ఆ భాషను పుట్టించింది తనే.

"నాకు సదువు రాదు దొరా. మగ్గం నేసుకునేటోణ్ణి."

ఇన్‌స్పెక్టరు వాదించలేదు. పక్కనున్న పోలీసుకు కనుసైగ చేశాడు. పోలీసు తుపాకీ గొట్టాన్ని తెచ్చి కోడలు ఉప్పలమ్మ కడుపుకు ఆనించాడు. ఆమెకు ఏడో నెల.

"మామా..." అంది ఆమె.

"నీ కొడుకు వెంకటరాజం రోజూ పొద్దువాలే వేళకి మీ ఇంటి వెనక సీతాఫలం పొదల్లోకి వస్తాడు. అంతవరకూ నాకు తెలుసు. ఇంట్లో పోలీసులు ఉన్నారో లేరో వాడికి ఎలా తెలుస్తుంది? అదొక్కటి చెప్పు చాలు."

రామచంద్రయ్య గోడ పట్టుకుని కూలబడ్డాడు.

"చెప్త దొరా. పిల్లను ఇడిసిపెట్టున్రి. మగ్గం సప్పుడుతోని చెప్తం."

ఇన్‌స్పెక్టరు కళ్లు మెరిశాయి. అటు కోస్తా జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడు, చదువుకున్నవాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పోగును దగ్గరికి గుద్దే ఈ పలక గట్టిగ కొడితే గీత. మెల్లగ కొడితే సుక్క. పోగు మోసే నాడె ఉత్తగ జారిస్తే సున్న" అన్నాడు ముసలాయన.

"మన అక్షరాలన్నీ ఈ మూడింటితోనే?"

"అన్నిటిని మగ్గం మొయ్యదు దొరా. ఈ మూడిటిని కలిపి పదకొండు సప్పుళ్లు చేసిన. క అన్నా గ అన్నా ఒకటే. ఒత్తులు తీసేసిన. దీర్ఘం గావాలంటే జరసేపు ఆగాలె."

"మరి ళ?"

"ళ ఎందుకు దొరా, మాకు ల సాలు."

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "ఎన్నాళ్లు పట్టిందయ్యా?"

"రెండు ఎండకాలాలు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కాస్త మురిపెం పలికింది. కోడలు విన్నదని తెలిసి ముసలాయన సిగ్గుతో తల దించుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు అమాయకుడేం కాదు. ఉప్పలమ్మకూ ఆ భాష వచ్చే ఉంటుందని ఊహించి, ఆమెను వంటింట్లోకి తీసుకుపోయి, పది మాటలు చెప్పి నేల మీద బొగ్గుతో రాయించాడు. అవే మాటలు మామ చేత కాగితం మీద రాయించాడు. రెండూ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. భయంతో ఇద్దరూ నిజమే రాశారు.

"ఇప్పుడు ఇది రాసిచ్చి కొట్టు. అన్నం ఉంది. ఎవరూ లేరు. రా."

ఆరుగురు పోలీసులు తుపాకులతో వెనక గోడ చాటుకు చేరారు. పొద్దు గుట్ట మీదికి వాలుతోంది. ఇరవై మగ్గాలున్న ఆ వాడలో ఒక్క మగ్గమూ ఆడటం లేదు.

"పోలీసు దిగితే ఊరు ఇలాగే నోరు మూసుకోవాలి" అన్నాడు ఇన్‌స్పెక్టరు, తృప్తిగా.

రామచంద్రయ్య మగ్గం దగ్గరికి నడిచాడు. దాని కొయ్యకు పసుపు, కుంకుమ. పలక మీద ఒక బంతిపువ్వు.

"మామా, ఇయాల మగ్గం..." అని ఉప్పలమ్మ ఏదో అనబోయింది.

"నోర్ముయ్యి!" అని గద్దించాడు ముసలాయన.

కాపురానికి వచ్చిన మూడేళ్లలో ఆమె మీద ఆయన ఎన్నడూ గొంతు పెంచలేదు. ఉప్పలమ్మ బిక్కచచ్చిపోయింది. ఆయన పువ్వు తీసి పక్కన పెట్టాడు, మగ్గానికి దండం పెట్టాడు, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగాడు.

పలక మోగింది. ఇన్‌స్పెక్టరు వేలు ముసలాయన రాసిచ్చిన కాగితం మీద ఒక్కో గుర్తునూ తడుముతూ పోయింది. ఎక్కడా తేడా లేదు. అన్నం ఉంది. ఎవరూ లేరు. రా. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ.

నన్ను కాపాడటానికి కన్నకొడుకునే పిలుస్తున్నాడు, అనుకుంది ఉప్పలమ్మ. ఆ చేతులు విరిగిపోతే బాగుండనిపించింది. కడుపులో బిడ్డ కదిలితే కూడా బెదిరిపోయింది. పొదల్లో ఏదో చప్పుడైంది. పోలీసులు తుపాకులు ఎత్తారు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

పిట్ట ఒకటి లేచిపోయింది. అంతే.

పొద్దు గూకింది. ఎవరూ రాలేదు. ఇన్‌స్పెక్టరు రామచంద్రయ్యను గుంటలోంచి మెడ పట్టి లాగి చెంప పగలగొట్టాడు.

"తప్పు కొట్టావు కదరా?"

"మీ ఏలు కాయితం మీదనే ఉండె గద దొరా. ఒక్క సప్పుడన్న తప్పితే చెప్పున్రి."

ఇన్‌స్పెక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు మళ్లీ వస్తాం. మళ్లీ కొట్టాలి" అని జీపెక్కాడు. చప్పుడు దూరమయ్యేదాకా మామా కోడళ్లు కదల్లేదు.

"రాలే గనక బతికిండు" అంది ఉప్పలమ్మ, ఏడుస్తూ. "నువ్వు మాత్రం పిలిచినవు మామా."

రామచంద్రయ్య వంగి, బంతిపువ్వు తీసి పలక మీద మళ్లీ పెట్టాడు.

ఎదురింటి లక్ష్మీనర్సమ్మ ఇంతసేపూ తలుపు సందులోంచి చూస్తూ ఉండి, జీపు పోగానే కోపంతో ఊగిపోతూ వచ్చి గడపలో నిలబడింది.

"ఏం రోగం పుట్టింది రామచంద్రయ్యా నీకు? సాలోళ్ల ఇంట్ల పుట్టి, వాడంత మగ్గాలు ఆపిన అమాస నాడు నువ్వొక్కనివి మగ్గం కొడ్తవా? గుట్ట దాక ఇనవడ్డది, ఇన్నోళ్లు ఏమనుకుంటరు?"