గోనెగుడ్డ చాటున

"ఇది పెళ్లిమండపమా, నర్సరీనా?"

పెళ్లికూతురి మేనమామ త్రికోటేశ్వరరావు నడుం మీద చేతులేసుకుని అడిగాడు.

జెబా మండపాలు అలంకరించే అమ్మాయి. సొంతంగా ఒప్పుకున్న మొదటి పెళ్లి ఇది. థర్మోకోల్ ఏనుగులూ ప్లాస్టిక్ పూలూ లేనిదే పెళ్లి కాదనుకునే నరసరావుపేటలో, జనం ఇళ్లలో పెంచుకునే మొక్కలు అడిగి తెచ్చి మండపం అలంకరిస్తానంది. పెళ్లవగానే ఎవరివి వాళ్లకు ఇచ్చేయొచ్చు, చెత్తకుప్పకు పోయేది ఏమీ ఉండదని పెళ్లికూతురు సుకన్య ముచ్చటపడింది. ఆ ముచ్చట ఇంకెవరికీ లేదు.

ఇవాళ మాట పడితే ఈ ఊళ్లో తనకు మళ్లీ పని దొరకదు.

"ముహూర్తం టయానికి చూడండి సార్, మీకే నచ్చుద్ది."

ఇంతలో ట్రాలీ ఆటో వచ్చింది. వాట్సాప్‌లో మొక్కలు కావాలని పెడితే, మిల్లు వెనక అద్దె గదుల నుంచి ధనమ్మ అనే ఆవిడ ఫోన్ చేసి మా దగ్గర నలభై ఉన్నాయంది. ఆ నలభై దిగాయి. వాటి వెనకే ఒక ముసలాయన దిగాడు.

"నువ్వెందుకొచ్చావు తాతా?"

"వీటి దగ్గరుంటానమ్మా. నా పేరు అబ్రహాము."

మొక్కలు పచ్చగా నవనవలాడుతున్నాయి. అవి ఉన్నవాటిని చూసి మాత్రం జెబా తల పట్టుకుంది. పాత పెయింటు బక్కెట్లు, నూనె డబ్బాలు, చిల్లుపడిన బిందెలు. ప్రతిదాని మీదా ఎర్రరంగుతో వంకరటింకర రాతలు. అవి చదివే తీరిక ఆమెకు లేదు. పనివాళ్లను పిలిచి అన్నిటికీ గోనెగుడ్డ చుట్టించి, పురికొస కట్టించింది.

"అమ్మా, రాతలు కనపడకుండా పోతన్నాయి."

"కనపడకూడదనే కదా తాతా చుట్టేది."

"అది కాదమ్మా. ఇవి నావి కావు..."

"ఎవరివైనా సరే, రేపు పొద్దున్నే తెచ్చి మీ గుమ్మంలో దింపుతా."

ఆయన పురికొస ముడి తడుముతూ అడిగాడు.

"నీ పేరేందమ్మా?"

"పనైనాక చెప్తాలే."

పని అవుతూ ఉంటే కదా.

సన్నాయి మొదలైంది. జనం వచ్చారు. అబ్రహాము ద్వారం పక్కన నిలబడి వచ్చిన ప్రతి ముఖాన్నీ పరకాయించి చూశాడు. ఆయన్ను భోజనానికి పదమన్న మనిషి లేడు. ఆడపెళ్లివారు మగపెళ్లివారి తాలూకు అనుకున్నారు, మగపెళ్లివారు ఆడపెళ్లివారి తాలూకు అనుకున్నారు.

త్రికోటేశ్వరరావు మళ్లీ వచ్చాడు.

"ఆ ముసలాయనెవరమ్మాయ్? వచ్చినోళ్లని ఆపి, ఎప్పుడన్నా మిల్లు వెనక అద్దెకున్నారా అని అడుగుతున్నాడు. ఏంది ఈ గోల?"

జెబా గబగబా వెళ్లింది.

"తాతా, నా పని చెడగొట్టబాక. ఇంటికి పో, దణ్ణం పెడతా."

"ఇంకొక్క గంటమ్మా."

"ఒక్క నిమిషం కూడా వద్దు."

ఆయన తల ఊపాడు. తను తెచ్చినవాటిలో వేదిక పక్కనున్న స్నేక్ ప్లాంట్ కత్తుల్లాంటి ఆకుల మీద దుమ్మును కండువాతో తుడిచి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి మండపం అందరి ఫోన్లలోకీ ఎక్కింది. ఆ స్నేక్ ప్లాంట్ పక్కన నిలబడి సెల్ఫీ దిగినవాళ్లలో త్రికోటేశ్వరరావు కూడా ఉన్నాడు. ఇంకో రెండు పెళ్లిళ్ల వాళ్లు జెబా నంబరు తీసుకున్నారు.

ఈ మాట ఎవరికైనా చెప్పుకోవాలనిపించి జెబా ఫోన్ తీసింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. మాచర్లలో పెంచి పెద్ద చేసిన అమ్మమ్మ రెండేళ్ల కిందట పోయింది. అమ్మ అబిదా గుంటూరు ఆస్పత్రిలో పోయేనాటికి జెబాకు మూడేళ్లు. అంతకుముందు ఈ ఊళ్లోనే ఎక్కడో అద్దెకుండేవాళ్లట. అమ్మ గుర్తు ఒక్కటీ మిగల్లేదు, కనీసం ఫోటో కూడా. "నీ మొక్కల పిచ్చి మీ అమ్మదే" అనేది అమ్మమ్మ. ఉన్నది ఆ మాట ఒక్కటే.

జెబా ఫోన్ సంచిలో పడేసింది.

మర్నాడు పొద్దున్నే మొక్కలు తీసుకుని మిల్లు వెనక్కి వెళ్లింది. తాత ఉండే మూల గదికి తాళం ఉంది. పక్క గదిలోంచి ధనమ్మ వచ్చింది.

"అబ్రహాం తాత ఖాళీ చేశాడమ్మా. ఈ గదులన్నీ పడగొడతన్నారుగా. మొదటి బస్సుకే పోయాడు."

"ఏ ఊరు పిన్నీ?"

"చెప్పలా. ఎవరున్నారని ఫలానా ఊరని చెప్తాడు."

"ఫోన్ నంబరు?"

"ఫోనే లేదు."

"మరి ఆయన మొక్కలు?"

"ఆయనవి కావుగా అవి. ముప్పై ఏళ్లు ఇక్కడ వాచ్‌మన్. ఖాళీ చేసి పోయేవాళ్లు, మళ్లొచ్చి తీసకపోతామని ఆయనకు అప్పజెప్పి పోయినయ్యి. ఒక్కళ్లూ రాలా. ఎవరిది వాళ్ల పేరు రాసి, చెరిగిపోకుండా ఏటా రంగు దిద్దేవాడు పిచ్చి మనిషి. పెళ్లికి ఊరంతా వస్తది, పేరు చూసి ఒక్కళ్లన్నా గుర్తుపడితే ఇచ్చేసి పోతానన్నాడు. ఎవరన్నా గుర్తుపట్టారా?"

జెబా మొక్కలన్నీ ఆ గుమ్మంలో దింపించింది.

నేల మీద కూర్చుని పురికొసలు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గోనెగుడ్డా తీసి, నిన్న చదవని పేర్లు ఒక్కొక్కటే చదివింది. మల్లికార్జునరావు, ఒకటో గది. దానియేలు మాస్టారు, ఏడో గది. ఒక్క పేరూ ఆమెకు తెలిసినది కాదు.

చివరికి స్నేక్ ప్లాంట్ మిగిలింది.

దాని పెయింటు బక్కెట్టు మీద, మొన్నమొన్ననే దిద్దిన ఎర్రరంగులో ఇలా ఉంది: "అబిదా, నాలుగో గది. గుంటూరు ఆస్పత్రికి పోయింది. తను రాకపోతే పాప జెబాకి ఇవ్వాలి."