దొంగ రిపోర్టు

"చచ్చేంత జబ్బు రాయకు. అలాగని జలుబులానూ ఉండకూడదు. చూడగానే మా ఇంట్లో వాళ్ళ నోళ్ళు మూతపడాలి, అంతే."

ల్యాబులో రక్తం తీసే గదిలో కూర్చుని, చెల్లెలి చెవిలో ఆవిడ చెప్పిన మాట ఇది. చెల్లెలు అక్కడ టెక్నీషియన్. అక్క చేతికి రబ్బరు పట్టీ బిగిస్తున్నదల్లా ఆగిపోయింది.

"దొంగ రిపోర్టా? నా ఉద్యోగం ఊడుతుందక్కా!"

"ఇక్కడ నా ప్రాణమే ఊడేలా ఉంది. నీ ఉద్యోగమెంత?"

ఇంట్లో ఆవిడను అందరూ మేనేజరంటారు. పిలుపు ఘనమైనదే. ఎవరి సాక్సు ఎక్కడుందో, అత్తగారి కంటి చుక్కలు ఎన్నింటికో, మొగుడి ఇస్త్రీ చొక్కా ఏదో, అన్నీ ఆవిడే చూడాలి. నలభై ఏడేళ్ళు నిండాయి. ఏడాదిగా నెలసరిది ఇష్టారాజ్యం. రెండు నెలలు పత్తా ఉండదు, మూడో నెల వచ్చిందంటే పదిహేను రోజులు వదలదు. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు. కంటిమీద కునుకుండదు.

"ఫ్యాను తిరుగుతోందిగా" అనేవాడు మొగుడు.

"మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివమ్మా" అనేది అత్తగారు.

తన మాట నమ్మనివాళ్ళు అచ్చు వేసిన కాగితాన్నయినా నమ్ముతారని ఆవిడ ఆశ. నలభై దాటిన ఆడవాళ్ళకని ఆ ల్యాబువాళ్ళు రక్తం, థైరాయిడ్, షుగరు, అన్నీ కలిపి పరీక్షలు పెట్టారు. ఫలితాలు చూసి డాక్టరమ్మ కింద సలహా కూడా రాస్తుంది. ఒక్క అంకె అటూ ఇటూ చేస్తే చాలు, రెండు నెలలు హాయిగా నడుం వాల్చవచ్చు.

చెల్లెలు సూది గుచ్చి, తలుపు వైపు ఒకసారి చూసి, "సరేలే" అంది.

మర్నాడు ఫోను వచ్చింది. "అక్కా, నువ్వు కోరినట్టే వచ్చింది. అసలు సంగతేమిటంటే..."

మొగుడు పక్కనే ఉన్నాడు. "ఆఁ ఆఁ, అర్థమైంది!" అని ఆవిడ టక్కున పెట్టేసింది.

రిపోర్టు చూసిన మొగుడు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచీ చదివాడు. పన్నెండుండాల్సిన హిమోగ్లోబిన్ ఏడున్నర. విశ్రాంతి తప్పనిసరి, ఐరన్ మాత్రలు రోజూ వేసుకోవాలి, రెండు నెలలకు మళ్ళీ పరీక్ష అని కింద డాక్టరమ్మ రాసింది.

ఇల్లే మారిపోయింది. మొగుడు చొక్కా తానే ఇస్త్రీ చేసుకుని, జేబు దగ్గర కన్నం పెట్టి, దాన్నే తొడుక్కుని కిమ్మనకుండా ఆఫీసుకు పోయాడు. అత్తగారు తన చుక్కలు తానే వేసుకోవడమే కాక, కోడలి కాళ్ళ కింద దిండు కూడా సర్దింది.

ఆవిడ మాత్రం నటనలో తక్కువ చేసిందా? మెట్లెక్కుతూ సగంలో ఆగి, గోడ పట్టుకుని రొప్పేది. ఒకసారైతే నిజంగానే కళ్ళు బైర్లు కమ్మాయి. పాత్రలో ఇంతలా లీనమైపోతున్నందుకు తనను తానే మెచ్చుకుంది.

చిక్కల్లా మాత్రలతోనే. లేని జబ్బుకు మందెందుకు? కానీ మొగుడు గ్లాసు నీళ్ళతో ఎదురుగా నిలబడేవాడు. మాత్రను నాలుక కింద దాచి, బాల్కనీలోకి వెళ్ళి పూలకుండీలో ఉమ్మేసేది. చెల్లెలు ఫోను చేసి, "మాత్రలు మానకక్కా" అన్నప్పుడల్లా, "ఓ, భేషుగ్గా వేసుకుంటున్నా" అనేది. తోడబుట్టింది కదా, దానికీ నటన బాగానే వచ్చునని మురిసిపోయేది.

రెండు నెలలు నిండాయి. ఓ ఉదయం మొగుడు, "ఈసారి పెద్దాసుపత్రిలో పరీక్ష చేయిద్దాం. రేపటికి నీ పేరు రాయించాను" అన్నాడు.

అక్కడ నిజం బయటపడితే? కన్నం చొక్కాతో తిరిగిన మనిషికి ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పాలి?

అతను అటు వెళ్ళగానే ఇటు ల్యాబుకు పరిగెత్తింది. చెల్లెలి ముందు నిలబడేసరికి మాట పెగలనంత ఆయాసం.

"నా పరువు పోయేలా ఉందే! రేపు వేరే చోట పరీక్షట. గుండ్రాయిలా ఉన్నానని తేలిపోతుంది!"

చెల్లెలు ఆవిడ కంటి కింది రెప్ప లాగి చూసింది. పాలిపోయి ఉంది.

"అక్కా, మాత్రలు వేసుకుంటున్నావా?"

"దొంగ జబ్బుకు మాత్రలేమిటే పిచ్చిదానా! అన్నీ పూలకుండీలోకే."

చెల్లెలు చప్పున కుర్చీ లాగి అక్కను కూర్చోబెట్టింది.

"ఆ రిపోర్టులో నేను ఒక్క అంకె కూడా మార్చలేదక్కా."